చాప మీద చోటు

*నగరాల్లో పెద్ద తెరలు, గిటార్లు, వేల కుర్చీలతో చర్చిలు వెలుస్తున్నాయి. ఊరి చివర రేకుల కప్పు కింద నేల మీద కూర్చుని ప్రార్థించే చిన్న చిన్న సంఘాల పిల్లలు ఏమవుతున్నారు? వెళ్లిపోయినవాళ్ల కథలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఉండిపోయినవాళ్లను మాత్రం ఎవరూ పలకరించడం లేదు.*

శనివారం సాయంత్రం. బాన్సువాడ బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు ఖాళీ అవుతోంది. వీపున బ్యాగు, చేతిలో స్వీట్ల డబ్బాతో దిగిన ఓ అమ్మాయి బీర్కూర్ బస్సు కోసం పక్కగా నిలబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. అటూ ఇటూ చూసి చెవుల కమ్మలు తీసింది. రుమాలు మడతలో పెట్టి బ్యాగు లోపలి జిప్పులోకి తోసింది. గాజులూ అంతే. విరబోసుకున్న జుట్టును గబగబా జడ అల్లుకుంది. బస్సు వచ్చేసరికి మా ఊరి విశ్వాసుల ఇంటి పిల్లగా మారిపోయింది.

తెల్లారి ఆదివారం కూడికలో కనిపించింది. తెల్ల చుడీదార్, తల మీదుగా చున్నీ. అందరికంటే ముందే వచ్చి చాపలు పరిచింది. పెద్దలు వచ్చేలోపు పదిమంది పిల్లల్ని ఒక మూల కూర్చోబెట్టి కంఠత వాక్యం చెప్పిస్తోంది. ఒకడు తప్పు చెబితే చెవి మెలేసింది, వాడు కిసుక్కున నవ్వాడు. బస్టాండ్‌లో కమ్మలు దాచుకున్నప్పుడు ఆమె ముఖంలో చూసిన కంగారు ఇక్కడ లేదు. ఈ రెండూ ఒకే మనిషివి. ఒకటి నటన, మరొకటి నిజం అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు.

మా మందిరం గురించి చెప్పాలి. ఇటుక గోడలు, పైన రేకులు. గోపురం లేదు, గంట లేదు. గోడ మీద ఒక వాక్యం రాసి ఉంటుంది. గుమ్మం బయట చెప్పుల వరస. లోపల ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, మధ్యలో సన్నటి దారి. చిన్న బల్ల మీద తెల్లగుడ్డ కింద ఒకే ఒక్క రొట్టె, ఒక గిన్నె. జీతం తీసుకునే పాస్టరు లేడు. ఎవరో ఒక సహోదరుడు కూర్చున్నచోటు నుంచే పాట నంబరు చెబుతాడు. పాడతారు. తర్వాత కాసేపు నిశ్శబ్దం. పొలం కూలికి వెళ్లే మనిషి లేచి ప్రార్థన చేస్తాడు, కూర్చుంటాడు. మళ్లీ నిశ్శబ్దం. రొట్టె విరుస్తారు. కానుకల కోసం పళ్లెం పట్టుకుని ఎవరూ తిరగరు, గుమ్మం పక్కన పెట్టె ఉంటుంది. ఇదంతా అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు అవే చాపల మీద వరసగా కూర్చుని అన్నం, పప్పుచారు తింటారు.

సినిమాలు వద్దు. నగలు వద్దు. బొట్టు వద్దు. బయటి సంబంధం వద్దు. గుట్కా, సారా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ 'వద్దు'ల మధ్య పుట్టి పెరిగిన పిల్లల గురించే ఈ కథనం. నేనూ వాళ్లలో ఒకణ్ని. మా ఊళ్లోనే ఉన్నాను, ఆ చాప మీదే కూర్చుంటున్నాను.

ఇప్పుడెందుకీ ముచ్చట?

కొన్నేళ్లుగా విశ్వాసుల ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్తారు. మొదటి ఆరు నెలలు అక్కడున్న మన సహవాసానికే వెళ్తారు. తర్వాత స్నేహితులతో కలిసి పెద్ద చర్చికి వెళ్తారు. అక్కడ ఎవరూ కమ్మలు చూడరు, జీన్స్ చూడరు. వేలమందిలో ఒకరు. ఆ స్వేచ్ఛ రుచి మరిగాక ఊరికొస్తే చాప గుచ్చుకుంటుంది. కొందరు అక్కడితో ఆగకుండా మొత్తానికే ప్రార్థన మానేస్తారు. ఇంకొందరు ఫోన్ ముందు కూర్చుని తాము పెరిగిన సంఘం ఎంత బిగించి పెంచిందో వీడియోలు చేస్తున్నారు. అవి వాట్సాప్‌లో తిరిగి తిరిగి చివరికి వాళ్ల అమ్మల ఫోన్లలోకే వచ్చి పడుతున్నాయి.

ఆ వీడియోలను నేను శ్రద్ధగా చూస్తాను. వాటిలో చాలా మాటలు నిజం. పెద్దలు వాటిని 'సాతాను పని' అని తోసిపుచ్చడం నాకు నచ్చదు. అయితే వాటిని చూసినవాళ్లకు ఒక అపోహ కలుగుతుంది. ఉండిపోయినవాళ్లంతా భయం వల్లో అమాయకత్వం వల్లో ఉండిపోయారని అనుకుంటారు. అది మాత్రం నిజం కాదు. ఈ కథనం రాయడానికి కూర్చున్నది అందుకే.

నర్సాపురం నుంచి గోల్కొండ చౌరస్తా దాకా

తెలుగు నేల మీద మావంటి సంఘాల పద్ధతికి దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ పట్టణంలో పళ్ల వైద్యుడిగా బాగా సంపాదిస్తున్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఆస్తి వదిలేసి, ఏ మిషన్ సొసైటీ జీతమూ లేకుండా సువార్త పనికి బయలుదేరాడు. బ్రిస్టల్ అనాథాశ్రమాలతో పేరుపొందిన జార్జి ముల్లర్ ఈయన చెల్లెలి భర్త. గ్రోవ్స్ పిలుపుతో 1836లో బార్న్‌స్టేపుల్ నుంచి రెండు జంటలు వచ్చాయి. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రీ, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. చేతివృత్తులవాళ్లే దొరలై రావడం అప్పటి జనానికి వింతే. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైతే అక్కడ చేరిన కూలీల మధ్యా సువార్త ప్రకటించారు. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ వాళ్లకు అండగా నిలిచాడు. గోదావరి డెల్టాలో ఇప్పటికీ కనిపించే బ్రదరన్ సంఘాలు వాళ్ల పని నుంచి పెరిగినవే. జీతం లేని సేవకులు, ప్రతి ఆదివారం రొట్టె విరవడం, పెద్దల చేతిలో పెత్తనం, అన్నీ అప్పుడే వేళ్లూనుకున్నాయి.

తెలంగాణలో ఈ తరహా సహవాసాలు ఊరూరా విస్తరించడం వెనక ఉన్నది మాత్రం పంజాబీ మనిషి. భక్త్ సింగ్ 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజినీరింగ్ చదువుకని ఇంగ్లండ్, అక్కడి నుంచి కెనడా వెళ్లి 1929లో క్రీస్తును నమ్మాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1933లో బొంబాయి ఓడరేవులో దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురొచ్చారు. కుటుంబం పరువు కోసం ఈ సంగతి బయటికి చెప్పొద్దని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు వెళ్లిపోయారు, ఆయన బొంబాయి వీధుల్లో మిగిలాడు.

1941లో మద్రాసులో 'యెహోవా షమ్మా' పేరుతో మొదటి సంఘం మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే మొదటి 'హోలీ కన్వొకేషన్' సభలు జరిగాయి. 1950లో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలో 'హెబ్రోను' అనే మందిరం వెలిసింది. ఏటా జరిగే సభలకు జనం పెట్టేబేడా పట్టుకుని వచ్చి, పందిళ్లలోనే పడుకుని, పెద్ద పెద్ద గుండిగల్లో వండిన అన్నం నేల మీద బారులు తీరి కూర్చుని తినేవాళ్లు. కులం ఏమిటని ఎవరూ అడగరు. ఊళ్లో బావికి దూరంగా నిలబడాల్సి వచ్చిన మనిషికి ఆ బంతిలో కూర్చోవడం ఎంత పెద్ద విషయమో ఊహించండి. తెల్లబట్టలు కట్టుకోవడం, చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, ఆడామగా విడివిడిగా కూర్చోవడం అక్కడి నుంచే ఊళ్లకు పాకింది. 2000 సెప్టెంబర్ 17న భక్త్ సింగ్ హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. నారాయణగూడ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

తల్లిదండ్రుల మాట కాదని బయటికొచ్చిన ఒక కొడుకు పెట్టిన సహవాసం ఇది. అందులో పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల మాట కాదని బయటికి వెళ్తుంటే ఎలా చూడాలి? పెద్దలు ఈ ప్రశ్న గురించి ఆలోచించాలని నా కోరిక.

మా మంజీర తీరానికి క్రైస్తవం వేరే దారిలో కూడా వచ్చింది. మెథడిస్టు మిషనరీలు మెదక్ కేంద్రంగా పనిచేశారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. ఇజబెల్ కెర్ డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆస్పత్రి తెరిచారు. ఆ మిషనరీల నుంచి వచ్చిన పెద్ద సంఘంలో గంటలుంటాయి, పండగలుంటాయి, ఆభరణాల మీద పట్టింపు అంతగా ఉండదు. అందుకే మావంటి చిన్న సంఘంలోని పిల్లకు ఊళ్లోనే రెండు రకాల లోకాలు కనిపిస్తాయి. ఒకటి హిందూ స్నేహితులది. రెండోది కమ్మలు పెట్టుకుని చర్చికెళ్లే క్రైస్తవ స్నేహితులది. మొదటిదానికి జవాబు చెప్పడం తేలిక, రెండోదానికే కష్టం.

> వెయ్యి మందిలో 13 మంది
>
> 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. అంటే సుమారు 11.3 లక్షల మంది. ఈ లెక్కలో అన్ని రకాల చర్చిలూ ఉన్నాయి. కఠిన నియమాలు పాటించే చిన్న సహవాసాలు అందులో ఒక పాయ మాత్రమే. ఊరికి అయిదారు కుటుంబాలున్నా సంఘమే అంటారు.

జమ్మి తీసుకోవచ్చా?

ఇలాంటి ఇంట్లో పెరిగే పిల్లకు మొదటి పరీక్ష బడిలోనే వస్తుంది. వినాయకుడి దగ్గర పెట్టిన కొబ్బరిముక్క పంతులమ్మ చేతిలో పెడుతుంది. తినాలా, పారేయాలా? పారేస్తే తప్పు, తింటే తప్పు. 'తీసుకుని పక్కనున్న పిల్లకియ్యి' అని మా అమ్మ చెప్పేది. అమ్మ పెద్దగా చదువుకోలేదు కానీ, ఎవర్నీ నొప్పించకుండా నమ్మకం కాపాడుకోవడంలో ఆమెకున్న నేర్పు ఏ బైబిలు కాలేజీలోనూ చూడలేదు.

దసరా రోజు సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గర నుంచి వచ్చి ఇంటింటికీ తిరిగి, జమ్మి చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటారు. పక్కింటి మామ మా ఇంటికీ వచ్చేవాడు. నాన్న లేచి ఎదురెళ్లి గట్టిగా కౌగిలించుకునేవాడు. ఆకు మాత్రం పట్టుకునేవాడు కాదు. 'ఏమనుకోకు బావా, నువ్వొస్తే సాలు' అనేవాడు. మామ ముఖం కొంచెం చిన్నబోయేది. మర్నాటికి మామూలే. కొన్నేళ్లకు మామే దారి కనిపెట్టాడు. మా గడప దగ్గరికి రాగానే ఆకు జేబులో వేసుకుని వట్టి చేతులు చాచేవాడు. ఇద్దరిలో ఎవరూ తమ పద్ధతి మార్చుకోలేదు. మతసామరస్యం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఆ వట్టి చేతులే గుర్తొస్తాయి.

ఆడపిల్లలకు ఇంకా కష్టం. బతుకమ్మ తొమ్మిది రోజులూ వాడంతా పాటే. తంగేడు, గునుగు తెంపడానికి స్నేహితులతో పొలాల గట్ల మీదికి వెళ్లొచ్చు. సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరగకూడదు. పొద్దున కలిసి పూలు ఏరిన పిల్ల పొద్దుగూకాక కిటికీ ఊచలు పట్టుకుని నిలబడుతుంది. మా చెల్లెలు అలా నిలబడటం చూశాను. పాటలన్నీ దానికి నోటికొచ్చు, పెదవులు కదిపేది, గొంతు పైకి వచ్చేది కాదు. ఆ పిల్లకు అప్పుడు కలిగిన బాధను 'పరిశుద్ధత' అనే మాటతో కప్పేయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

> పాడని పిల్లల కేసు
>
> 1985 జూలైలో కేరళ కొట్టాయం జిల్లాలో ఒక బడి నుంచి ముగ్గురు తోబుట్టువులను పంపించేశారు. పేర్లు బిజో, బిను మోల్, బిందు ఇమ్మాన్యుయేల్. వాళ్లది యెహోవా సాక్షుల కుటుంబం. జాతీయగీతం వస్తుంటే గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. హైకోర్టు వాళ్ల మొర వినలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోవాలని చెప్పింది. నిలబడటంలోనే గౌరవం ఉందని, మనస్సాక్షిని బలవంతపెట్టడం రాజ్యాంగం ఇచ్చిన హక్కులకు విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి.

చాటలో తంబాకు

నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో ఆడవాళ్ల చేతిలో చాట ఉంటే అది బియ్యం చెరగడానికే అనుకోవద్దు. బీడీల చాట. ఒడిలో చాట, అందులో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు పొడి, దారపు ఉండ. వేళ్లు ఆకును చుట్టి, కొస మడిచి, దారం వేసి కట్టి పడేస్తుంటే కళ్లు అటు చూడనే చూడవు. విశ్వాసుల ఇళ్లలోనూ ఇదే పని. పొగ తాగడం పాపమని నమ్మే ఇల్లాలు పొద్దంతా తంబాకు వాసనలో కూర్చుని బీడీలు చుడుతూ కీర్తనలు పాడుకుంటుంది. ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, అందులోంచే కానుకల పెట్టెలో పదో వంతు.

కమ్మల గురించి అన్ని ప్రసంగాలు చేసిన పెద్దలు బీడీల గురించి ఒక్క ప్రసంగమూ చేయగా నేను వినలేదు. చేయకపోవడమే మంచిదయింది. ఆకలి దగ్గర నియమం తల వంచాల్సిందేనని వాళ్లకు తెలుసు. ఆ తెలివి ఉన్నవాళ్లకు ఆడపిల్ల చెవి దగ్గర మాత్రం నియమం ఎందుకు వంగదో నాకు అర్థం కాదు. కడుపు కోసం చేసేదాన్ని దేవుడు అర్థం చేసుకుంటాడని నమ్మినప్పుడు, చెవి కోసం చేసేదాన్నీ అర్థం చేసుకోడా?

మరి ఎందుకుంటారు?

పన్నెండేళ్ల వయసులో నాకు పాటల పుస్తకాల అలమర తాళంచెవి ఇచ్చారు. కూడికకు ముందు పుస్తకాలు పంచాలి, అయ్యాక లెక్కపెట్టి సర్దాలి. చినిగిన వాటికి మైదా పెట్టి అట్టలు అంటించాలి. ఆ ఆదివారం నుంచి నేను రాకపోతే పాట మొదలవదు. ఇంకొన్నాళ్లకు ఒక పెద్దాయన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గృహకూడికలకు తీసుకెళ్లి, లాంతరు పక్కన కూర్చుని అధ్యాయం చదవమన్నాడు. బడిలో వెనక బెంచీ వాణ్ని. ఇక్కడ నా గొంతు కోసం ముసలివాళ్లు ఎదురుచూసేవారు.

ఉండిపోయినవాళ్లను ఎవర్నడిగినా ఇలాంటిదే ఏదో ఒక పని గుర్తుచేసుకుంటారు. పిండి కలిపి రొట్టె కాల్చే పని, నీళ్ల కడవ నింపే పని, డోలక్ వాయించే పని, జబ్బుపడినవాళ్ల ఇంటికి అన్నం మోసుకెళ్లే పని. జీతగాడైన పాస్టరు లేని సంఘంలో పనంతా అందరిదీ. ముప్పై, నలభై మంది ఉన్నచోట ఒక్కరు రాకపోయినా లోటు తెలుస్తుంది. 'ఏమ్మా, నిన్న కూడికకు రాలే, పానం బాగలేదా?' అని సోమవారం పొద్దున్నే ఎవరో ఒకరు గడపలో నిలబడతారు. ఆ ప్రశ్నను ఒకరు నిఘా అనుకుంటారు, ఇంకొకరు ప్రేమ అనుకుంటారు. నిజం చెప్పాలంటే అది రెండూ. నిద్రపోవాలనుకున్న ఆదివారం నాడు అది నిఘా. మా నాన్న నిజామాబాద్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అది ప్రేమ. వరి కోతల కాలం, ఎవరికీ తీరిక లేదు. అయినా రాత్రి కాపలాకు వంతులు వేసుకున్నారు. మా పొలం కోసి పెట్టారు. మాకంటే ముందు ఆస్పత్రి బిల్లు అడిగి తెలుసుకున్నారు. నేను ఎప్పుడైనా వెళ్లిపోదామని అనుకున్నానా అంటే అనుకున్నాను. ఆ కోతల తర్వాత మళ్లీ అనుకోలేదు.

వేలమంది కూర్చునే చర్చిలో పాట బాగుంటుంది, ప్రసంగం బాగుంటుంది. కానీ అక్కడికి వెళ్లినవాడు వింటాడు, వస్తాడు. వాడు రాలేదని ఎవరికీ తెలియదు. నగరంలో ఆ అజ్ఞాతం కోరుకునే వెళ్లిన పిల్లలే జ్వరమొచ్చి హాస్టల్ గదిలో ఒంటరిగా పడుకున్నప్పుడు ఊరి పెద్దకు ఫోన్ చేసి ప్రార్థన చేయమంటారు. ఫోన్ పెట్టేశాక ఆ పెద్ద హైదరాబాద్‌లో తెలిసిన విశ్వాసికి ఫోన్ చేస్తాడు. గంటలో జావ పట్టుకుని ఎవరో ఒకరు హాస్టల్ గేటు దగ్గర ఉంటారు.

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల విషయంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మా వైపు ఇంటికొకరు దుబాయిలోనో కువైట్‌లోనో ఉంటారు. అక్కడ లేబర్ క్యాంపుల నుంచి శుక్రవారం సెలవు నాడు తెలుగు కూడికలకు వెళ్తారు. యూఏఈలో 2022 నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారినా చాలామంది కార్మికులకు శుక్రవారం అలవాటు పోలేదు. ఊళ్లో ఉన్నప్పుడు కూడిక ఎగ్గొట్టి మంజీర ఇసుకలో ఆడుకున్న కుర్రాళ్లే అక్కడ చాపలు పరుస్తున్నారు.

> అమిష్ పిల్లలు ఎందుకు వెళ్లరు?
>
> కార్లు, టీవీలు, ఇంటికి కరెంటు లైను వద్దనుకుని అమెరికాలో గుర్రపు బగ్గీల్లో తిరిగే అమిష్ క్రైస్తవుల జనాభా 1900లో సుమారు 5 వేలు. ఇప్పుడది 4 లక్షలు దాటింది. కుటుంబానికి ఆరేడుగురు పిల్లలు ఉండటం ఒక కారణం. ఆ పిల్లల్లో 85 శాతం పైగా పెద్దయ్యాక అక్కడే ఉండటం ఇంకో కారణం. వాళ్లలో బాప్తిస్మం యుక్తవయసు వచ్చాక, ఎవరంతట వాళ్లు కోరుకుంటేనే ఇస్తారు. అంతకుముందు కొంతకాలం పిల్లలు బయటి ప్రపంచం చూడటాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. బాప్తిస్మం తీసుకుని ఆ తర్వాత వెళ్లిపోయినవాళ్ల మీద మాత్రం వెలి ఉంటుంది. పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చే ఇదే అనబాప్టిస్టు వంశవృక్షంలోని మరో కొమ్మ మెనొనైట్ బ్రదరన్. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి నల్గొండకు వచ్చారు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, దేవరకొండ ప్రాంతాల్లోని ఎం.బి. చర్చిలు ఆ పరంపరలోనివే.

ఉండటానికి కట్టే సుంకం

ఇక రెండో వైపు. దాన్ని చెప్పకపోతే ఈ కథనం మా సంఘానికి కరపత్రం అవుతుంది.

సంబంధాల సంగతే పెద్దది. సహవాసంలోనే చేసుకోవాలి. చిన్న సంఘంలో ఈడూ జోడూ కుదిరేవాళ్లు ఎందరు ఉంటారు? చదువుకున్న ఆడపిల్లకు ఇంకా తక్కువ. 'ప్రార్థనలో పెట్టాం' అంటూ ఏళ్లు గడుస్తాయి. ముప్పై దాటిన అక్కలు ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చుని పక్కవాళ్ల పిల్లల్ని జోకొడుతుంటారు. మగవాళ్ల విషయంలో నియమం కాస్త సడలుతుంది. బయటి అమ్మాయిని తెచ్చుకుంటే బాప్తిస్మం ఇచ్చి కలుపుకుంటారు. బయటి అబ్బాయిని చేసుకున్న పిల్ల పేరు మాత్రం ప్రార్థనల్లో కూడా వినబడదు.

శిక్ష మాటకొస్తే, తప్పు చేసినవాణ్ని 'బల్ల'కు దూరం పెడతారు. ఆ మనిషి వస్తాడు, చాప చివర కూర్చుంటాడు. రొట్టె పళ్లెం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తూ వచ్చి, అతన్ని దాటి అవతలి మనిషికి అందుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుంటాడు. పక్కన చిన్న కొడుకు 'నాన్నకియ్యలే' అని గట్టిగా అనేస్తాడు. ఇది నా కళ్లముందు జరిగింది. కొందరు అలా పశ్చాత్తాపపడి నిజంగానే బాగుపడ్డారు. కొందరు ఆ పళ్లెం దాటిన రోజే చివరిసారి వచ్చారు, వెంట వాళ్ల పిల్లలూ పోయారు. పిల్లల తప్పేమిటి?

మౌనం ఇంకా ప్రమాదం. బొలీవియాలో మానిటోబా కాలనీ అనే మారుమూల మెనొనైట్ పల్లెలో 2005 నుంచి 2009 దాకా ఆడవాళ్లు రాత్రిళ్లు మత్తులో పడి, పొద్దున గాయాలతో లేచేవారు. దయ్యాల పని అన్నారు, కట్టుకథ అన్నారు. చివరికి పట్టుబడింది సొంత సంఘం మగవాళ్లే. పశువుల మత్తుమందు చల్లి అఘాయిత్యాలు చేశారు. 2011లో కోర్టు శిక్షలు వేసింది. మిరియం టేవ్స్ నవల, దాని ఆధారంగా 2022లో వచ్చిన సినిమా ఆ ఘటనల నుంచే పుట్టాయి. మా పల్లె సంఘాలను దాంతో పోల్చడం లేదు. కానీ 'సంఘం పరువు' అనే మాట వినబడినప్పుడల్లా ఆ పల్లె గుర్తుకొస్తుంది. మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దలు కూర్చుని ప్రార్థన చేసి సర్దేయడానికి అందులో వీల్లేదు. ఈ సంగతి ప్రతి సండే స్కూలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

కాగితం మీద ఒక పేరు

ఇంకో సుంకం ప్రభుత్వం వసూలు చేస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. ఈ హోదా సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబర్‌లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. నమ్మకం ఒకటి, సర్టిఫికెట్ ఇంకొకటి ఉంటే చెల్లదని 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

చట్టం మాట అది. పిల్లవాడి మాట వేరు. అబద్ధం ఆడకూడదని ఆదివారం నేర్పిన చేతులే సోమవారం బడి దరఖాస్తులో మతం దగ్గర ఆగిపోతాయి. వాడలో ఇల్లు మారలేదు, కూలి మారలేదు, ఊరు చూసే చూపూ మారలేదు. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు కులం పోయిందని ఏ ఊరూ ఒప్పుకోదు, ఒక్క ఆఫీసు తప్ప. నిజాయితీగా క్రైస్తవుడని రాసి సీటు పోగొట్టుకున్నవాళ్లున్నారు. రాయలేక ఆ బరువు మోస్తున్నవాళ్లున్నారు. ఎవర్నీ తప్పుపట్టే నోరు నాకు లేదు.

తలుపు తెరిచి ఉంటే

వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి దేవుడి మీద కోపం లేదు. పెళ్లికి పిలవనందుకు కోపం. అమ్మ చనిపోతే పెట్టె మోయడానికి సంఘం మగవాళ్లు ముందుకొచ్చి, సొంత కొడుకును 'నువ్వు లోకంలో ఉన్నావు' అని వెనక నడవమన్నందుకు కోపం. నియమాలు కఠినంగా ఉన్నంత మాత్రాన ఎవరి మనసూ విరగదు. ఉపవాసాలు, తెల్లవారుజాము ప్రార్థనలు, తెల్లబట్టలు ఇష్టంగా గుర్తుచేసుకునేవాళ్లను ఎందర్నో చూశాను. నియమం తప్పినవాణ్ని మనిషిగా లెక్కచేయకపోవడం దగ్గరే విరుగుతుంది.

మార్పు అసలే లేదని కాదు. కరోనా కాలంలో కూడికలు ఫోన్‌లోకి వచ్చాయి. అప్పటిదాకా ఫోనే వద్దన్న పెద్దలు మనవళ్ల పక్కన కూర్చుని లింకు నొక్కడం నేర్చుకున్నారు. దూరమైన పిల్లలు కొందరు కెమెరా ఆపేసి, పేరు దాచి విన్నారు. పెద్దలకు ఆ సంగతి తెలుసు. ఎవరా అని ఆరా తీయలేదు. నాకు తెలిసి మా సంఘం చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఊళ్లో మగపిల్లలు తగ్గారు. హైదరాబాద్, గల్ఫ్ వాళ్లను తీసుకుపోయాయి. సండే స్కూలు నడుపుతున్నది ఆడపిల్లలు. బైబిలు పరీక్షల్లో ముందుండేది వాళ్లు. కూడికలో లేచి ప్రశ్న అడిగే వీలు మాత్రం వాళ్లకు లేదు. అందుకే ఆదివారం అన్నాలకు ముందు ఒక గంట పెద్దలు కూర్చుని పిల్లలు అడిగేవి వినాలని కొంతకాలంగా అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకుండా, వెంటనే వాక్యం చూపించి నోరు మూయించకుండా వినాలి. కొందరు ఒప్పుకున్నారు, ఒకరిద్దరు వద్దన్నారు. వానాకాలం కోతలయ్యాక మొదలుపెడదామన్నారు. పేర్లు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి ఇవ్వమంటే పిల్లలు అప్పుడే ఇచ్చేస్తున్నారు. కమ్మల గురించి ఒకటో రెండో ఉన్నాయి. ఎక్కువ చీటీల్లో ఉన్న ప్రశ్న ఒకటే: పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన అక్కను మళ్లీ ఇంటికి పిలవొచ్చా?